ఎడ్మండ్ గుంటర్: నేలకు లెక్క నేర్పిన మతాచార్యుడు



మీ ఇంట్లో పొలం పట్టా గాని, ఇంటి స్థలం దస్తావేజు గాని ఉంటే ఒకసారి తీసి చూడండి. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో విస్తీర్ణాన్ని ఎకరాల్లో, సెంట్లలో రాస్తారు. తెలంగాణలో ఎకరాల్లో, గుంటల్లో రాస్తారు. ఎకరానికి 100 సెంట్లు, లేదా 40 గుంటలు అని పెద్దవాళ్ల నోట మీరు వినే ఉంటారు. ఎకరమంటే 4,840 చదరపు గజాలని లెక్కల పుస్తకంలో చదివే ఉంటారు. అయితే ఈ 4,840 ఎక్కడి నుంచి వచ్చింది? గుర్తు పెట్టుకోవడానికి వీలుగా 5,000 అని ఎందుకు పెట్టుకోలేదు? ఇలాంటి చిక్కు సంఖ్య నుంచి నూటికి నూరు సెంట్ల లెక్క ఎలా పుట్టింది?

ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ వెళితే 400 ఏళ్ల కిందటి లండన్ నగరానికి చేరుకుంటాం. అక్కడ మనకు ఎడ్మండ్ గుంటర్ కనిపిస్తాడు. ఆయన క్రైస్తవ మతాచార్యుడు, ఖగోళశాస్త్ర ఆచార్యుడు, గణితజ్ఞుడు. మన గుంటూరుకూ ఈ గుంటర్‌కూ ఏ సంబంధమూ లేదు. 'గుంట' అనే కొలత పేరు కూడా మన భాషలదే, ఆయన పేరు నుంచి వచ్చింది కాదు. అయినా మన సెంటు వెనుకా, మన గుంట కొలత వెనుకా ఆయన చేసిన ఒక గొలుసు ఉంది. ఆయన జీవితాన్నీ, ఆ గొలుసు కథనూ ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆనాటి ఇంగ్లండు

ముందుగా ఆ కాలాన్ని అర్థం చేసుకోవాలి. 1536-1540 మధ్య ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాలను మూసివేయించి, వాటి భూములను స్వాధీనం చేసుకున్నాడు. ఆ భూముల్లో చాలా భాగం తర్వాత అమ్మకానికి వచ్చింది. మరోవైపు ఊరి ఉమ్మడి పొలాలకు, మేత బయళ్లకు కంచెలు వేసి సొంతం చేసుకునే పద్ధతి పెరుగుతూ వచ్చింది. భూమి చేతులు మారుతున్నప్పుడు ఎంత భూమి అన్న ప్రశ్న వస్తుంది. కొనేవాడికి, అమ్మేవాడికి, కౌలు కట్టేవాడికి కూడా సరైన కొలత కావాలి.

నేల మీద పరిస్థితి ఇది. సముద్రం మీద మరో అవసరం పుట్టింది. 1600లో ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. 1611లో ఆ కంపెనీ ఓడ 'గ్లోబ్' మన మచిలీపట్నం రేవుకు వచ్చింది. నెలల తరబడి తీరం కనిపించని ప్రయాణంలో ఓడ ఎక్కడుందో తెలుసుకోవాలంటే సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి కోణాలు కొలవాలి. ఆ కోణాలతో పెద్ద పెద్ద లెక్కలు చేయాలి. ఊగే ఓడ మీద, మసక దీపం వెలుగులో, అంతగా చదువుకోని నావికుడు చేయవలసిన లెక్కలు అవి.

ఈ అవసరాలకూ విశ్వవిద్యాలయాలకూ నడుమ ఆ రోజుల్లో పెద్ద దూరం ఉండేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో బోధన లాటిన్‌లో సాగేది. ఆ దూరాన్ని తగ్గించిన సంస్థ గ్రెషమ్ కళాశాల. థామస్ గ్రెషమ్ అనే సంపన్న వ్యాపారి రాసిన వీలునామా ప్రకారం 1597లో లండన్‌లో దాన్ని నెలకొల్పారు. అక్కడి ఉపన్యాసాలు వినడానికి ఎవరైనా వెళ్లవచ్చు. రుసుము లేదు. లాటిన్‌తో పాటు ఇంగ్లీషులో కూడా చెప్పేవారు. నావికులు, వ్యాపారులు, పనిముట్లు తయారుచేసేవాళ్లు వచ్చి వినేందుకు వీలుండేది.

చదువు, మతం, గణితం

గుంటర్ 1581లో ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పుట్టాడు. ఆయన పూర్వీకులు వేల్స్ ప్రాంతం వారు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చదివాడు. 1603లో బి.ఏ., 1606లో ఎం.ఏ. పట్టాలు పొందాడు. మతాచార్య దీక్ష తీసుకుని, 1615లో దైవశాస్త్రంలో పట్టా అందుకున్నాడు. అదే సంవత్సరం లండన్ శివారైన సదర్క్‌లోని సెయింట్ జార్జ్ చర్చికి మతాచార్యుడయ్యాడు.

మతాచార్యుడికి గణితంతో పనేమిటని మీకు అనిపించవచ్చు. ఆ కాలపు ఇంగ్లండులో విశ్వవిద్యాలయంలో చదువుకున్న చాలామంది చర్చి దీక్ష తీసుకునేవారు. చర్చి ఉద్యోగం నిలకడగా జీతం ఇచ్చేది, చదువుకు కొంత తీరిక మిగిల్చేది. స్లైడ్ రూలును రూపొందించిన విలియం ఔట్రెడ్ కూడా మతాచార్యుడే. సైన్స్ అనేది ఒక వృత్తిగా ఇంకా ఏర్పడని రోజులవి.

నిజానికి గుంటర్ మనసంతా గణితం మీదే ఉండేది. విద్యార్థి దశలోనే గోళాన్ని సమతలంపై చిత్రించే పద్ధతి గురించి ఒక రచన చేశాడు. అది చేతిరాత ప్రతిగానే గణితజ్ఞుల మధ్య తిరిగింది. ప్రసంగాల విషయంలో మాత్రం ఆయనకు అంత పేరు రాలేదు. క్రీస్తు శిలువ వేదన గురించి ఆయన ఒకసారి ప్రసంగించాడట. ఆ ప్రసంగం విన్నవాళ్లు, క్రీస్తుకు శిలువ తర్వాత ఇంత బాధ మళ్లీ ఇప్పుడే కలిగిందని నవ్వుకున్నారట. గుంటర్ మరణించిన 1626లోనే పుట్టిన జాన్ ఆబ్రీ అనే రచయిత తర్వాతి రోజుల్లో ఈ కబురు రాసిపెట్టాడు.

"ఇది జ్యామితి కాదు, గారడీ"

ఆబ్రీ రాసిన మరో సంఘటన ఇంతకంటే ముఖ్యమైనది. 1619లో సర్ హెన్రీ సావిల్ అనే మహాపండితుడు ఆక్స్‌ఫర్డ్‌లో జ్యామితికి ఒక ఆచార్య పీఠం నెలకొల్పాడు. గ్రీకు గ్రంథాలను క్షుణ్ణంగా చదివి, యూక్లిడ్‌పై స్వయంగా ఉపన్యాసాలిచ్చిన వ్యక్తి ఆయన. ఆ పదవి కోసం గుంటర్ ఆయన్ను కలవడానికి వెళ్లాడు. వెంట తన పనిముట్లు, సెక్టర్‌నూ క్వాడ్రంట్‌నూ తీసుకెళ్లాడు.

సెక్టర్ అంటే మడతబందుతో కలిపిన రెండు పలకలు. వాటిపై గీసిన కొలమానాల సాయంతో, సరూప త్రిభుజాల సూత్రం ఆధారంగా అనుపాతపు లెక్కలు చేయవచ్చు. క్వాడ్రంట్ అంటే పావు వృత్తం ఆకారంలోని పలక. సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో దానితో కొలిచి, సమయం ఎంతయిందో చెప్పవచ్చు. గుంటర్ వీటిని బల్ల మీద పెట్టి, చకచకా త్రిభుజాల లెక్కలు చేసి చూపించాడు. సావిల్‌కు అది నచ్చలేదు. ఇది జ్యామితి బోధించడం కాదు, గారడీ చేసి చూపడమని తీసిపారేసి, ఆయన్ను పంపించివేశాడని ఆబ్రీ కథనం. ఆ పదవికి కేంబ్రిడ్జిలో చదివిన హెన్రీ బ్రిగ్స్‌ను పిలిపించాడు. బ్రిగ్స్ గొప్ప గణితజ్ఞుడు, గుంటర్‌కు మంచి మిత్రుడు కూడా.

విన్నవాళ్ల మాటల ఆధారంగా చాలా ఏళ్ల తర్వాత రాసిన కథ ఇది. ఇందులోని ప్రతి మాటా అలాగే జరిగిందని అనుకోనక్కరలేదు. అయినా ఇందులో ఉన్న ప్రశ్న నిజమైనది. సిద్ధాంతాన్ని నిరూపించడమే గణితమా? ఆ సిద్ధాంతాన్ని సామాన్యుడి చేతికి అందేలా మలచడం కూడా గణితమేనా? సావిల్ తన సమాధానం చెప్పాడు. గుంటర్ సమాధానం ఆ తర్వాతి ఏడేళ్ల పనిలో కనిపిస్తుంది. 1619 మార్చిలోనే ఆయన గ్రెషమ్ కళాశాలలో ఖగోళశాస్త్ర ఆచార్యుడయ్యాడు. చివరిదాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

సంవర్గమానాలు కర్ర మీదికి ఎక్కాయి

1614లో స్కాట్లండుకు చెందిన జాన్ నేపియర్ సంవర్గమానాలను ప్రకటించాడు. వాటి ఉపయోగం మీకు తెలిసిందే. గుణకారాన్ని కూడికగా, భాగహారాన్ని తీసివేతగా మార్చివేస్తాయి. 100ను 1,000తో గుణించాలంటే సున్నాలను కూడితే చాలు కదా! 2, 3 కలిసి 5 సున్నాలు, అంటే 1,00,000. ఇదే సూత్రాన్ని అన్ని సంఖ్యలకూ విస్తరిస్తే సంవర్గమానం వస్తుంది. బ్రిగ్స్ దీన్ని 10 ఆధారంగా మార్చి, 1617లో మొదటి పట్టిక అచ్చువేశాడు.

1620లో గుంటర్ సైన్, టాన్‌జెంట్ విలువలకు 10 ఆధారంగా సంవర్గమానాల పట్టికను ప్రచురించాడు. ఈ రకం పట్టికల్లో అచ్చయిన మొదటిది ఇదే. అందులో విలువలను ఏడు దశాంశ స్థానాల వరకు ఇచ్చాడు. నావికులకు, ఖగోళశాస్త్రజ్ఞులకు రోజూ కావలసినవి సరిగ్గా ఇవే.

ఇక్కడ మనకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. మీరు త్రికోణమితిలో చదివే కొసైన్, కోటాన్‌జెంట్ అనే పేర్లు గుంటర్ పెట్టినవే. పూరక కోణానికి సైన్ కనుక దాన్ని ఆయన కో-సైనస్ అన్నాడు. సైన్ అనే మాట మాత్రం ఇంకా పాతది. దాని మూలం మన దేశంలో ఉంది. ఆర్యభటుడు 499లో తన గ్రంథంలో ఇచ్చిన 'జ్య' విలువలు అరబ్బుల దగ్గరికి వెళ్లాయి. వాళ్లు ఆ మాటను 'జీబ' అని రాసుకున్నారు. అచ్చులు రాయని అరబ్బీ లిపిలో అది 'జైబ్' అని కూడా చదవడానికి వీలుగా ఉంది. జైబ్ అంటే వస్త్రపు మడత, ఒడి. లాటిన్‌లోకి అనువదించినవాళ్లు ఆ అర్థమే తీసుకుని 'సైనస్' అన్నారు. పూరక కోణపు జ్యను మనవాళ్లు 'కోటిజ్య' అనేవారు. గుంటర్ ఆ మాట చూసి తన పేరు పెట్టాడని కాదు. ఒకే అవసరం ఇద్దరినీ ఒకే ఆలోచన వైపు నడిపించింది.

పట్టిక అచ్చువేయడంతో గుంటర్ ఆగలేదు. పట్టికలో అంకెలు వెతకడం, కూడడం, మళ్లీ వెతకడం కూడా నావికుడికి శ్రమే. అందుకని ఆ సంవర్గమానాలను నేరుగా ఒక గీత మీద పొడవులుగా గుర్తించాడు. 1 నుంచి 10 వరకు ఉన్న దూరం 10 అంగుళాలు అనుకోండి. 2 అనే గుర్తు 3.01 అంగుళాల దగ్గర, 3 అనే గుర్తు 4.77 అంగుళాల దగ్గర ఉంటాయి. రెండు దూరాలనూ కలిపితే 7.78 అంగుళాలు. అక్కడ ఉండే గుర్తు 6. అంటే 2ను 3తో గుణించే పని విభాగినితో రెండు దూరాలు కలపడంగా మారిపోయింది. మీ జ్యామితి పెట్టెలోని విభాగిని వంటిదే దీనికి చాలు. రెండడుగుల పొడవుండే ఈ కర్రను నావికులు గుంటర్ పేరుతోనే పిలిచేవారు. దాదాపు 200 ఏళ్లపాటు అది ఓడల మీద తిరిగింది.

అలాంటి రెండు గీతలను పక్కపక్కన పెట్టి ఒకదాని మీద ఒకటి జరిపితే విభాగినితో కూడా పని లేదని ఔట్రెడ్ గ్రహించాడు. అలా స్లైడ్ రూలు పుట్టింది. 1970లలో జేబు కాలిక్యులేటర్లు వచ్చేదాకా ఇంజనీరింగ్ విద్యార్థుల చేతుల్లో ఉన్నది అదే.

గుంటర్ ఈ పనిముట్ల గురించి 1623లో ఒక పుస్తకం ప్రచురించాడు. దాన్ని లాటిన్‌లో కాక ఇంగ్లీషులో రాశాడు. తాను ఎవరి కోసం పని చేస్తున్నాడో ఆయనకు స్పష్టంగా తెలుసు. వైట్‌హాల్ రాజభవనపు తోటలో నీడ గడియారాలను కూడా ఆయన రూపొందించి, వాటి వివరణను 1624లో ప్రకటించాడు.

దిక్సూచి ముల్లు చెప్పిన మాట

గుంటర్ జీవితంలో చేతికి అందివచ్చి జారిపోయిన ఆవిష్కరణ ఒకటుంది. దిక్సూచి ముల్లు సరిగ్గా భౌగోళిక ఉత్తరాన్ని చూపదనీ, కొంచెం పక్కకు తిరిగి ఉంటుందనీ అప్పటికే తెలుసు. ఈ తేడాను దిక్పాతం అంటారు. 1580లో విలియం బరో అనే నావికుడు లండన్ దగ్గర థేమ్స్ నది ఒడ్డున ఉన్న లైమ్‌హౌస్‌లో దీన్ని కొలిచాడు. తూర్పు వైపు సుమారు 11 డిగ్రీల పావు వచ్చింది. 1622లో గుంటర్ ఆ ప్రాంతంలోనే కొలిస్తే సుమారు 6 డిగ్రీలే వచ్చింది.

ఇంత తేడా ఎందుకు వచ్చింది? రెండు జవాబులకు వీలుంది. పాత కొలతలో తప్పైనా ఉండాలి, లేదా ముల్లు చూపే దిక్కే కాలంతో మారుతూ ఉండాలి. గుంటర్ మొదటి జవాబు వైపే మొగ్గాడు. ఆయన తర్వాత గ్రెషమ్ ఆచార్యుడైన హెన్రీ జెలిబ్రాండ్ 1634లో మళ్లీ కొలిచాడు. ఈసారి సుమారు 4 డిగ్రీలు వచ్చింది. వరుసగా మూడు కొలతలు ఒకే వైపు తగ్గుతూ వస్తుంటే దాన్ని పొరపాటు అనలేం. దిక్పాతం కాలంతో పాటు మారుతుందని జెలిబ్రాండ్ 1635లో ప్రకటించాడు. భూమి అయస్కాంతత్వం స్థిరమైనది కాదన్న జ్ఞానానికి అది తొలిమెట్టు.

ఈ సంఘటన నుంచి మీరు ఒక విషయం గ్రహించాలి. మన కొలత పాత కొలతతో కలవనప్పుడు ఎవరిదో తప్పని వెంటనే తేల్చేయకూడదు. ప్రకృతే మారిందేమో అని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలిగింది మరోసారి కొలవడమే. గుంటర్ జాగ్రత్తగా కొలిచి, అంకెలను దాచకుండా రాసిపెట్టాడు కాబట్టే జెలిబ్రాండ్‌కు మధ్యలో ఒక మెట్టు దొరికింది.

66 అడుగుల గొలుసు

ఇప్పుడు మన ఎకరం దగ్గరికి వద్దాం. మన పల్లెల్లో ఒకప్పుడు ఇన్ని కుంచాల విత్తనాలు చల్లే నేల అని పొలాన్ని చెప్పుకునేవారు. ఇంగ్లండులో అలాగే ఒక జత ఎడ్ల నాగలితో ఒక రోజులో దున్నగలిగే నేలను ఎకరం అనేవారు. ఎడ్లు ఆగకుండా తీసే చాలు పొడవు ఫర్లాంగు, అంటే 220 గజాలు. అంత పొడవూ, 22 గజాల వెడల్పూ ఉన్న పట్టీ ఒక ఎకరం. 220ని 22తో గుణించండి. 4,840 వస్తుంది! మనకు చిక్కుగా కనిపించిన సంఖ్య రైతు దున్నిన చేను ఆకారం నుంచి వచ్చింది.

వాడుకలో ఈ కొలత బాగానే ఉండేది. లెక్కలో మాత్రం తలనొప్పి. 12 అంగుళాలు ఒక అడుగు, 3 అడుగులు ఒక గజం, అయిదున్నర గజాలు ఒక రాడ్ అనే కర్ర, 160 చదరపు రాడ్లు ఒక ఎకరం. ఒక పొలం వైశాల్యం కట్టాలంటే ఇన్ని రకాల సంఖ్యలతో భాగించుకుంటూ పోవాలి. చదువు తక్కువైన సర్వేయరు ఎక్కడో ఒకచోట తప్పు చేస్తాడు. తప్పు జరిగిందని రైతు పట్టుకోలేడు.

గొలుసుతో కొలవడం గుంటర్‌కు ముందే ఉంది. తాళ్లతోనూ కొలిచేవారు. అయితే తాడు తడిస్తే పొడవు మారుతుంది, లాగితే సాగుతుంది. గుంటర్ చేసిన కొత్త పని పొడవును ఎంచుకోవడంలో ఉంది. ఎకరం పట్టీ వెడల్పు అయిన 22 గజాలనే, అంటే 66 అడుగులనే, తన గొలుసు పొడవుగా తీసుకున్నాడు. దాన్ని 100 లింకులుగా విభజించాడు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. చూడటానికి వింత సంఖ్య. కానీ పొలంలో నిలబడ్డవాడు అంగుళాల మాటే ఎత్తనక్కరలేదు. అతడు లింకులు లెక్కపెడితే చాలు. ప్రతి పది లింకులకూ ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది కాబట్టి లెక్కపెట్టడమూ తేలికే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక చేను పొడవు 5 గొలుసుల 40 లింకులు, వెడల్పు 3 గొలుసుల 25 లింకులు అనుకోండి. 5.40ని 3.25తో గుణిస్తే 17.55 చదరపు గొలుసులు వస్తాయి. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం కాబట్టి దశాంశ బిందువును ఒక స్థానం ఎడమకు జరపండి. 1.755 ఎకరాలు, అంటే ఎకరా డెబ్బై అయిదున్నర సెంట్లు. లెక్క పూర్తయింది. ఇదే చేనును అడుగుల్లో కొలిస్తే 356.4ను 214.5తో గుణించి, వచ్చిన దాన్ని 43,560తో భాగించాలి. రెండూ చేసి చూడండి, గుంటర్ ఎంత శ్రమ తప్పించాడో తెలుస్తుంది.

అప్పటికి యూరప్‌లో దశాంశాలు కొత్త. సైమన్ స్టెవిన్ వాటిని ప్రచారం చేస్తూ పుస్తకం రాసింది 1585లో. ప్రజలు తరతరాలుగా వాడుతున్న ఎకరాన్ని మార్చమని గుంటర్ అడగలేదు. రైతు ఎకరం రైతుకే ఉంచి, లోపలి లెక్కను మాత్రం దశాంశాల్లోకి మార్చాడు. కొత్త పద్ధతి జనంలో నిలవడానికి అదే కారణం.

గొలుసు ప్రయాణం

ఈ గొలుసు ఇంగ్లండుకే పరిమితం కాలేదు. 1785లో అమెరికా తన పడమటి భూములను చతురస్రాలుగా విభజించాలని చట్టం చేసినప్పుడు గొలుసుతోనే కొలవమంది. అక్కడి ఒక సెక్షన్ 640 ఎకరాలు, అంటే ప్రతి వైపూ 80 గొలుసులు, ఒక మైలు. క్రికెట్ నియమాలు 1744లో తొలిసారి రాసుకున్నప్పుడు వికెట్ల మధ్య దూరం 22 గజాలన్నారు. అదీ ఒక గొలుసు పొడవే.

మన దేశానికి వస్తే, రెండు రకాల సర్వేలను కలగలపకూడదు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే భూగోళం ఆకారాన్ని, దేశపటాన్ని తేల్చడానికి. అందులో ఆధార రేఖను కొలిచింది 100 అడుగుల ఉక్కు గొలుసుతో. పన్ను కోసం ఒక్కో పొలాన్నీ కొలిచే రెవెన్యూ సర్వే వేరు. గుంటర్ లెక్క మనకు చేరింది ఈ రెండో దారిలో.

1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాల్లో, అంటే నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాల్లో, థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించాడు. అప్పుడు వాడిన గొలుసు 33 అడుగులది. గుంటర్ గొలుసులో సరిగ్గా సగం. 33 అడుగుల చతురస్రం ఒక గుంట, 121 చదరపు గజాలు. అది పావు చదరపు గొలుసు. కాబట్టి 40 గుంటలకు 10 చదరపు గొలుసులు, ఒక ఎకరం. బొంబాయి రాష్ట్రంలోనూ, నిజాం రాజ్యంలోనూ స్థిరపడిన గుంట ఇదే. అందుకే తెలంగాణ పహాణీల్లో ఈనాటికీ అదే కనిపిస్తుంది.

మద్రాసు రాష్ట్రంలో తర్వాత జరిగిన సర్వేల్లో గొలుసు, లింకులు, సెంట్లు స్థిరపడ్డాయి. ఒక చదరపు గొలుసులో పదో వంతు, అంటే 1,000 చదరపు లింకులు, ఒక సెంటు. గజాల్లో చెబితే 48.4 చదరపు గజాలు. ఆంధ్ర ప్రాంతపు పాత ఎఫ్.ఎం.బి. పటాల్లో హద్దురాళ్ల మధ్య దూరాలు లింకుల్లో ఉంటాయి. 1956లో మన దేశం మెట్రిక్ కొలతల చట్టం చేసుకుంది. గొలుసు స్థానంలో మీటరు టేపు వచ్చింది. అయినా పొలం అమ్మకం మాట వస్తే హెక్టార్లు ఎవరి నోటా రావు, ఎకరాలూ సెంట్లే వస్తాయి.

కొలత, న్యాయం

ఇంతవరకు చెప్పింది విని గొలుసు వల్ల అంతా మేలే జరిగిందని అనుకోవద్దు. ఇంగ్లండులో ఉమ్మడి మేత బయళ్లకు కంచెలు వేసినప్పుడు ముందు నడిచింది సర్వేయరు గొలుసే. అమెరికాలో ఆదివాసుల నేలను ముక్కలు చేసిందీ అదే. మన దగ్గర కంపెనీ ప్రభుత్వం పొలాలను కొలిపించింది రైతు మీద ప్రేమతో కాదు, శిస్తు కట్టించుకోవడానికి.

కొలతలో చిన్న తేడా ఎంత పని చేస్తుందో చూడండి. గొలుసు వాడగా వాడగా ఉంగరాలు అరిగి, లింకులు సాగి పొడవవుతుంది. 100 లింకుల గొలుసు ఒక్క లింకు సాగిందనుకుందాం. అసలు ఎకరం ఉన్న చేను ఆ గొలుసుతో కొలిస్తే 98 సెంట్లే వస్తుంది. దాదాపు రెండు సెంట్లు, అంటే 95 చదరపు గజాలు, కాగితం మీద మాయమవుతాయి. ఒక చిన్న ఇల్లు కట్టుకునేంత స్థలం అది! గొలుసు పొట్టిదైతే అదే పద్ధతిలో లేని భూమికి రైతు శిస్తు కట్టవలసి వస్తుంది. అందుకే గొలుసును ఎప్పటికప్పుడు ప్రామాణిక పొడవుతో సరిచూడాలని సర్వే పాఠాల్లో మొదట చెప్తారు.

మరోవైపు, అదే కొలత రైతుకు ఆధారం కూడా అయింది. గట్టు జరిపాడని పక్క పొలంవాడితో తగాదా వచ్చినప్పుడు బలవంతుడి మాట కాక, పటంలోని లింకుల సంఖ్య సాక్ష్యం చెబుతుంది. అయితే ఆ సంఖ్యను చదవడం, లెక్క సరిచూడటం రైతుకు వచ్చినప్పుడే అది అతనికి ఆధారం. రానప్పుడు అది ఇతరుల చేతిలో ఆయుధం. గుంటర్ లెక్కను తేలిక చేయడం వల్ల కలిగిన అసలు ప్రయోజనం ఇక్కడుంది. తేలికైన లెక్కను ఎక్కువమంది సరిచూడగలరు. ఎక్కువమంది సరిచూడగలిగిన చోట మోసం కష్టమవుతుంది.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే పరికరాలు గొలుసు చేసిన పనిని చేపట్టాయి. పరికరం ఎంత మారినా ప్రశ్న మారలేదు. వచ్చిన అంకెను భూమి యజమాని తానుగా సరిచూసుకోగలడా?

ముగింపు

గుంటర్ 1626 డిసెంబరు 10న, 45 ఏళ్ల వయసులో లండన్‌లో మరణించాడు. ఆయన పేరుతో గొప్ప సిద్ధాంతమేదీ లేదు. న్యూటన్, గెలీలియోల వరుసలో ఆయన్ను ఎవరూ నిలబెట్టరు. ఆయన ఇతరులు కనుగొన్న జ్ఞానాన్ని తీసుకుని, చదువు తక్కువైన నావికుడూ సర్వేయరూ వాడుకునేలా ఒక కర్ర మీదికీ, ఒక గొలుసులోకీ దించాడు. సావిల్ దాన్ని గారడీ అన్నాడు. ఆ పండితుడు ఏర్పరచిన ఆచార్య పీఠం ఆక్స్‌ఫర్డ్‌లో ఇప్పటికీ ఉంది, దాని గౌరవం దానిది. గుంటర్ లెక్క మాత్రం ఆయన పేరు ఎన్నడూ వినని కోట్లాది కుటుంబాల భూమి కాగితాల్లో ఉంది.

మీలో కొందరు సిద్ధాంతాలు కనుగొంటారు. ఎక్కువమంది వాటిని ఉపయోగంలోకి తెచ్చే పనులు చేస్తారు. రెండో పని చిన్నదని ఎవరైనా అంటే, ఈ 66 అడుగుల గొలుసును గుర్తు చేసుకోండి.

చేసి చూడండి

1. 66 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న ఇంటి స్థలం ఎన్ని సెంట్లు? ఎన్ని గుంటలు? అడుగుల్లో ఒకసారి, గొలుసుల్లో ఒకసారి లెక్కకట్టి పోల్చండి.

2. గ్రాఫు కాగితంపై 1 నుంచి 10 వరకు సంవర్గమాన కొలమానం గీయండి. విభాగిని సాయంతో 2ను 4తో గుణించండి.

3. 1580, 1622, 1634 సంవత్సరాల దిక్పాతం కొలతల్లో మొదటి రెండు మాత్రమే మీ ముందుంటే ఏ నిర్ణయానికి వచ్చేవారు? ఎందుకు?

4. మీ ఊరిలో పెద్దవాళ్లను అడిగి, ఎకరం రాకముందు పొలాలను ఏ కొలతలతో చెప్పుకునేవారో సేకరించండి.